రెండు తలుపుల దగ్గర ఆగిన ఆట

భర్త ఆరిన్ పోయి నాలుగు నెలలైనా వెర్నా ఇంటి కింది గదిలోకి దిగలేదు. బట్టలుతికే యంత్రం అక్కడే ఉంది. అయినా మూటగట్టుకుని, ఊళ్ళో నాణేలు వేసి ఉతుక్కునే చోటికి మోసుకుపోయేది. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులని చెప్పేది. మోకాళ్ళకేమీ కాలేదు. కింద బల్ల మీద ఆరిన్ నిలబెట్టిన అట్టతెర అలాగే ఉంది. దాని వెనక అతని కుర్చీ, పాచికలు, ఆఖరి ఆదివారం అతను రాసిపెట్టుకున్న కాగితం ఉన్నాయి. ఆ కాగితంలో తన గురించి ఏం రాసి ఉందోనని ఆమెకు భయం.

ఇరవై ఏళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాలు ఆ గదిలో ఆట సాగింది. కూర్చున్నవాళ్ళు మాటల్లోనే తలా ఒక వేషం కట్టేవాళ్ళు. లెక్కల మాస్టారు లోవెల్ మంత్రగాడు, బడి వంటగదిలో పనిచేసే ఆర్డిస్ గొడ్డలి పట్టిన వీరవనిత. ఆరిన్ ఒక్కడికే వేషం లేదు. తెర వెనక కూర్చుని మిగతా లోకమంతా తనే అయ్యేవాడు. కొండలు, దొంగలు, వాన, వంతెన కింద రాక్షసుడు, అన్నీ అతని నోట్లోంచే వచ్చేవి. "తలుపు తోస్తున్నాను" అని వీళ్ళంటే, తోస్తే ఏం కనబడిందో అతను చెప్పేవాడు. ఏది జరిగినా పాచికల మీదే.

ఆ బల్ల దగ్గర ఒకే ఒక్క కట్టడి. ఎవరూ తెర చుట్టూ తిరిగి రాకూడదు. తొంగి చూడకూడదు. ఒకసారి ఆరిన్ వెనక నీళ్ళ గొట్టం పగిలితే, తుండుగుడ్డ పట్టుకుని పరుగెత్తిన ఆర్డిస్ తెర దగ్గర ఆగిపోయి, పైనుంచి గుడ్డ విసిరిందే గాని అడుగు ముందుకు వేయలేదు. ఆ సంగతి తలుచుకుని ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

ఆరిన్‌కు పొడుపు చిక్కులంటే ప్రాణం. చిక్కేమిటంటే ఇలాంటి ఆటలాడేవాళ్ళందరికీ పాత చిక్కులన్నీ కంఠతా వచ్చేసి ఉంటాయి. లోవెల్‌కు మరీను. సగం వినగానే జవాబు చెప్పేసేవాడు. అందుకని ఆరిన్ ఒక మాట మార్చి పెట్టేవాడు. ఒకసారి నది ఒడ్డున తోడేలునూ మేకనూ క్యాబేజీనీ పెట్టాడు. వినీవినగానే అందరూ ఎగబడి, మేకను ముందు, తోడేలును తర్వాత, మళ్ళీ మేకను వెనక్కి అంటూ గంటన్నర తిప్పలు పడి అన్నీ దాటించారు. అప్పుడు ఆరిన్ తాపీగా, "పడవ ఎంత పెద్దదని ఎవరైనా అడిగారా? అందరూ ఒకేసారి పట్టేవాళ్ళు" అన్నాడు. ఆర్డిస్ అతని మీదికి వేరుశనగ తొక్కలు విసిరింది. తెర పైనుంచే.

ఆ ఆటలో ఒకప్పుడు నాలుగో మనిషి ఉండేది. ఆరిన్, వెర్నాల కూతురు మారిట్. పద్నాలుగో ఏట చేరింది. ఆమె వేషం పేరు పిచ్చుక. ఎంత చీకటి గుహలోకైనా ముందు దూరి దారి చూసొచ్చే చిన్న దొంగపిల్ల. ఆమె తోటివాడే డ్వేన్, ఇప్పుడు ఉత్తరాలు పంచే ఉద్యోగం చేస్తున్నాడు. ఆమె వెంటే ఆటలో చేరి, ఆమె పోయినా మానలేదు.

మారిట్ పంతొమ్మిదో ఏట, జనవరి నెలలో, కారుతో సహా సరస్సులో మునిగిపోయింది.

ఆ సరస్సు గడ్డకట్టాక దాని మీదుగా అవతలి ఊరికి బండ్లు పోతాయి. గట్టున తిరిగి వెళితే ఇరవై మైళ్ళు, మంచు మీద నాలుగు. క్రిస్మస్ అయిపోగానే అందరూ పారేసిన పండగ చెట్లు తెచ్చి దారి పొడవునా రెండు వరసలుగా పాతుతారు. చెట్లు పాతేది మనిషి బరువుకు మంచు ఆగినప్పుడు. బండి బరువుకు ఆగుతుందని మంచు తొలిచి మందం చూసుకున్నాకే, దారి తెరిచినట్టు ఒడ్డున బోర్డు తిప్పుతారు. ఆ రోజు చెట్లున్నాయి, బోర్డు తిప్పలేదు. పిల్ల మొండిగా వెళ్ళిందని ఊరంతా అనుకుంది. ఎవరైనా వెళ్ళమన్నారా అని పోలీసు ఉద్యోగి వచ్చి అడిగితే, ఆరిన్ లేదన్నాడు, వెర్నా లేదంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వెర్నా అబద్ధమాడింది. ఆ పొద్దున మారిట్ వంటగది గుమ్మంలో నిలబడి, సరస్సు దారి తెరిచారా అని అడిగింది. వెర్నా గిన్నె తోముతూ కిటికీలోంచి చూసింది. పచ్చటి చెట్ల వరస కనబడింది. "తెరిచినట్టే ఉంది, అటే పో" అంది. ఆ మాట పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మొగుడికి అసలే చెప్పలేదు.

ఆరిన్ కూడా కూతురి గురించి మాట్లాడడం మానేశాడు, ఒక్క ఆ బల్ల దగ్గర తప్ప. అక్కడ మాత్రం పిచ్చుక చనిపోలేదు. దారి కష్టమైనప్పుడల్లా, పిచ్చుక ఏదని వీళ్ళలో ఎవరో అడిగేవాళ్ళు. "ముందు వెళ్ళింది. దారి చూస్తోంది" అనేవాడు ఆరిన్. పదకొండేళ్ళూ అదే జవాబు. పైన వంటగదిలో ఉన్న వెర్నాకు కింది గదినుంచి పైకి వచ్చే వేడిగాలి గొట్టంలోంచి ఆ మాట వినబడేది. విన్నప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది.

ఆఖరి ఆదివారం కూడా ఆ గొట్టంలోంచే విన్నది. వెర్నా ఇరవై ఏడేళ్ళు ఆసుపత్రిలో టెలిఫోన్ దగ్గర పనిచేసిన మనిషి. డాక్టరు ఏమంటే అది, అక్షరం పొల్లుపోకుండా అందించాలి. చెవిన పడిన మాట ఆమెకు చెరగదు. ఆ రోజు ఆరిన్ గొంతు ఎప్పటిలా లేదు.

"రెండు తలుపులు. ముందు ఇద్దరు కాపలాదారులు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఒక తలుపు వెనక నేల ఉంది. ఒక తలుపు వెనక నీళ్ళున్నాయి. మీకంటే ముందు ఒక అమ్మాయి వచ్చి వీళ్ళను అడిగి వెళ్ళింది. మీరూ అడగొచ్చు. ఒక్క ప్రశ్న."

లోవెల్ గట్టిగా నవ్వి, మన పాత చుట్టాలే వచ్చారన్నాడు. ఒకరు ఎప్పుడూ నిజం చెబుతారు, ఒకరు ఎప్పుడూ అబద్ధం చెబుతారు, ఆమాత్రం తెలియదా అన్నాడు. ఆర్డిస్ కూడా నవ్వింది. ఆరిన్ ఇవాళ్టికి ఇంతేనన్నాడు. అంత తొందరగా అతను ఆట ఎన్నడూ ఆపలేదు. గురువారం పెరట్లో ఆకులు ఊడుస్తూ కూలిపోయాడు.

అమ్మాయి వచ్చి అడిగి వెళ్ళింది. ఆ మాట వెర్నాను నాలుగు నెలలుగా నిద్రపోనివ్వలేదు. ఆరిన్‌కు తెలుసన్నమాట. ఎప్పటినుంచి తెలుసు? తెలిసి పక్కన పడుకున్నాడా, తెలిసి కాఫీ కలిపి ఇచ్చాడా?

ఫిబ్రవరిలో ఒక శనివారం ఆటవాళ్ళు ముగ్గురూ దాల్చినచెక్క రొట్టె పట్టుకుని వచ్చారు. కాసేపు చలి గురించి మాట్లాడారు, లోవెల్ కొత్త పళ్ళసెట్టు గురించి మాట్లాడారు. తర్వాత ఆర్డిస్ అసలు సంగతికి వచ్చింది.

"నాలుగు నెలల్నుంచి ఆ తలుపుల ముందు నిలబెట్టి పోయాడే మీ ఆయన. గొడ్డలి మోసి మోసి భుజం పడిపోయింది నాకు."

ఆ ఒక్క తలుపూ దాటితే చాలన్నారు. ఆట అక్కడితో ముగించి, పాచికలు ఆరిన్ సమాధి దగ్గర పెట్టి వస్తామన్నారు. డ్వేన్ టోపీ చేతుల్లో తిప్పుతూ, పిచ్చుక ఎటు వెళ్ళిందో ఒకసారి తెలిస్తే బాగుంటుందండీ, అంతే, అన్నాడు. తెర వెనక్కి ఎవరో ఒకరు వెళ్ళి కాగితంలో ఉన్నది చదవాలి. ఆమెకు ఇబ్బందైతే తాను కూర్చుంటానన్నాడు లోవెల్.

లోవెల్ చేతిలో ఆ కాగితం పడితే ఊరంతా చదివినట్టే. తానే కూర్చుంటానంది వెర్నా.

వాళ్ళు వెళ్ళిపోయాక, ముందే దిగి కాగితం తీసి పొయ్యిలో పడేద్దామనుకుంది. పొద్దు ఇంకా గుంకలేదు. తలుపు తీసి దీపం వేసి మూడు మెట్లు దిగింది. కింద ఆరిన్ కుర్చీ కిర్రుమంది. మనిషి ముందుకు వంగి, ఎవరో ఏదో అడుగుతుంటే వినడానికి సర్దుకున్నప్పటి చప్పుడు అది. వెర్నా మెట్ల పక్క కమ్మీ పట్టుకుని నిలబడింది. చెక్క చలికి బిగుసుకుంటే అలాగే మోగుతుందని తనకు తాను చెప్పుకుంది. నాలుగో మెట్టు మాత్రం దిగలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళ వెనకే దిగింది. గదిలో దుమ్ము వాసన, పాత కాఫీ వాసన. ముగ్గురూ తమతమ చోట్లలో కూర్చున్నారు. మారిట్ కూర్చునే నాలుగో కుర్చీ ఎవరూ కదపలేదు. వెర్నా తెర చుట్టూ తిరిగి వెళ్ళి ఆరిన్ కుర్చీలో కూర్చుంది. దిండు ఇంకా అతని బరువుకు నొక్కుకుపోయే ఉంది. వెచ్చగా అనిపించింది. అలా అనుకోవడం పిచ్చితనమని చేతులు బల్ల మీద పెట్టుకుంది.

కాగితం ఎదురుగానే ఉంది. పెన్సిలుతో రాసి చెరిపి, రాసి చెరిపి, కాగితం నూగు లేచిపోయింది. మిగిలినవి మూడే వరసలు.

ఆడమనిషి అబద్ధం చెప్పదు. తనకు తోచింది చెబుతుంది.

మగమనిషి అబద్ధం చెప్పడు. తనకు తోచింది చెబుతాడు.

అమ్మాయి ఇద్దర్నీ అడిగింది. ఇద్దరూ ఎడమ తలుపే చూపించారు, నీళ్ళ తలుపు.

వెర్నా మొదట తన వరస చదివింది. తర్వాత మూడోది చదివింది. ఇద్దర్నీ అన్న మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి. దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతుంటే లోవెల్ దగ్గి, ఇక మొదలుపెడదామా అన్నాడు.

అతను ప్రశ్న సిద్ధం చేసుకునే వచ్చాడు. లేచి, మంత్రగాడి గొంతు పెట్టి, ఆడ కాపలాదారు వైపు తిరిగినట్టు తిరిగాడు.

"అమ్మా, నేల మీదికి పోయే తలుపు ఏదని నీ పక్కనున్నాయన్ని అడిగితే, ఏది చూపిస్తాడు?"

కిటుకు అందరికీ తెలిసిందే. అడిగింది అబద్ధాలకోరునైనా, నిజం చెప్పేవాళ్ళనైనా, ఈ ప్రశ్నకు వచ్చేది తప్పుడు తలుపే. వాళ్ళు చూపించింది వదిలేసి రెండోది తెరవాలి.

"ఎడమ తలుపు చూపిస్తాడు" అంది వెర్నా.

"అయితే మనది కుడి తలుపు. పదండి" అని లోవెల్ కూర్చున్నాడు. ఇంతేనా, ఇంతదానికా నాలుగు నెలలు కాళ్ళు పీకించుకున్నామని ఆర్డిస్ గొణిగింది.

కుడి తలుపు వెనక నేలే ఉంది. తప్పు లెక్క వేసి సరైన తలుపు దగ్గరికే వచ్చారు. వెర్నా తల ఊపితే చాలు, ఆట ముగిసిపోతుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకోవచ్చు.

డ్వేన్ ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "మరి పిచ్చుక కూడా ఇటే వెళ్ళిందాండీ?"

"కుడివైపే వెళ్ళుంటుంది" అన్నాడు లోవెల్. "మనకున్నపాటి బుర్ర దానికి లేదా?"

అవును అంటే చాలు. ఒక్క మాట. పిచ్చుక నేల మీద క్షేమంగా ఉంటుంది, ఈ ముగ్గురూ సంతోషంగా ఇళ్ళకు పోతారు, తానూ బతికినన్నాళ్ళు బతుకుతుంది. వెర్నా నోరు తెరిచింది. అవును అన్న మాట నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. ఎదురుగా ఆరిన్ దస్తూరి. ఆడమనిషి అబద్ధం చెప్పదు. ఆ మాటను అతను ఎన్నిసార్లు చెరిపాడో, ఎన్నిసార్లు మళ్ళీ రాశాడో కాగితం మీద కనబడుతూనే ఉంది.

"మాస్టారూ" అంది. "వీళ్ళలో ఒకరు అబద్ధం చెబుతారని మీకెవరు చెప్పారు?"

లోవెల్ తెల్లబోయాడు. ఎప్పుడూ అంతే కదా అన్నాడు. రెండు తలుపులు, ఇద్దరు కాపలాదారులంటే అంతే కదా.

"ఆరిన్ చెప్పలేదు. పైనుంచి నేను విన్నాను." ఆ రోజు విన్నది విన్నట్టు, ఆగిన చోట ఆగి, ఆమె మళ్ళీ చెప్పింది. అమ్మాయి వచ్చి అడిగి వెళ్ళింది అన్న మాట దగ్గర ఆర్డిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ ఆడమనిషిని నేనే. మారిట్ నన్ను అడిగింది. చెట్లు చూసి దారి తెరిచారనుకున్నాను, బోర్డు చూడలేదు. సరస్సు మీద పొమ్మన్నాను. పోలీసాయన అడిగితే లేదన్నాను."

హీటరు ఒకసారి గుర్రుమని ఆగిపోయింది. ఇక తాను చెప్పాల్సింది అయిపోయిందని వెర్నా అనుకుంది. కాని నోరు మూతపడలేదు. గొంతు ఆమెదే, పలికే తీరు ఆమెది కాదు. మాటల మధ్య ముక్కుతో గాలి పీల్చడం ఆరిన్ అలవాటు.

"నన్ను ముందే అడిగింది. కారు షెడ్డులో. డిక్కీలో ఇసుక బస్తాలు రెండున్నాయి, మంచు రోడ్డు మీద బండి జారకుండా నేనే వేసినవి. సరస్సు మీద బరువెందుకని దింపేశాను. బస్తాలు లేకుండా గట్టు రోడ్డున వెళితే జారిపోతావు, సరస్సు మీదే పో అన్నాను. వాళ్ళమ్మను కూడా అడుగుతానంది. అడుగు, అదీ ఇదే చెబుతుంది అన్నాను. బస్తాలు పడవ మీద కప్పిన గుడ్డ కింద తోసేశాను. మళ్ళీ ఆ గుడ్డ ఎత్తలేదు."

వెర్నా చటుక్కున పెదవులు బిగించింది. లోవెల్ మొహం పాలిపోయింది. డ్వేన్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు.

"వెర్నా" అంది ఆర్డిస్ మెల్లగా. "అది అందులో రాసుందా?"

లేదన్నట్టు వెర్నా తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఆర్డిస్ లేచి, ఇరవై ఏళ్ళలో మొదటిసారి, తెర చుట్టూ తిరిగి వచ్చింది. వెర్నా భుజం మీద చెయ్యి వేసి, వంగి చదివింది. తిప్పి వెనకవైపు చూసింది. మళ్ళీ ముందువైపు చూసింది.

"మూడు వరసలే" అంది.

కారు షెడ్డుకు నలుగురూ కలిసే వెళ్ళారు. మోకాలి లోతు మంచు, ముందు డ్వేన్ పారతో దారి చేశాడు. గోడవార ఆరిన్ చిన్న తెరచాప పడవ బోర్లించి ఉంది. దాని మీద గుడ్డ పదకొండేళ్ళ దుమ్ముతో అట్టకట్టుకుపోయింది. వెర్నా అది ఎత్తి ఎరగదు. అసలు ఆ మూలకు ఏనాడూ వచ్చిన మనిషి కాదు. డ్వేన్ గుడ్డ అంచు పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమె ఊఁ అంది.

రెండు బస్తాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకదాని మూల ఎలుకలు కొరికితే ఇసుక కొంచెం కారి గడ్డకట్టింది. లోవెల్ టోపీ తీశాడు. కుడి తలుపు అన్నానని, అంత తెలివిగా అన్నానని ఏదో గొణిగాడు.

వెర్నా చేతి తొడుగు తీసి బస్తా మీద చెయ్యి పెట్టింది. రాయిలా ఉంది, చల్లదనం మోచేతిదాకా పాకింది. ఆరిన్‌కూ పాలుందని తెలిస్తే తన బరువు సగమవుతుందని కాగితం చదివిన క్షణంలో ఒక ఆశ కలిగింది. సగం కాలేదు. తన బరువు తనకలాగే ఉంది, అతనిది వచ్చి పక్కన చేరింది. పదకొండేళ్ళు ఒకే మంచం మీద ఇద్దరూ చెరొకటీ మోస్తూ పడుకున్నారు. ఒక్క రాత్రి ఒకరు నోరు తెరిచినా రెండోవాళ్ళు తెరిచేవాళ్ళు. దారి చెప్పినప్పుడు ఇద్దరూ అబద్ధమాడలేదు. ఆ తర్వాతే ఆడారు.

ఆమె వెనక్కి తిరక్కుండా చాలాసేపు నిలబడింది. భుజం వెనకనుంచి ఆ గొంతు ఇంకేమైనా అంటుందేమోనని చూసింది. షెడ్డు రేకుల మీద మంచు జారిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

ఈ బస్తాలు ఎక్కడైనా పారబోసి రమ్మంటారా అని డ్వేన్ అడిగాడు.

"వద్దు బాబూ. వీధి గుమ్మం పక్కన పెట్టు, వచ్చేపోయేవాళ్ళకు కనబడేట్టు" అంది వెర్నా. "ఇవేంటని అడుగుతారు. అడిగినవాళ్ళకు చెబుతాను."